42 పేజీల ఒప్పందం మీద సంతకం అడుగుతున్నారు: వ్యాపార వ్యవహారాలు చూసే న్యాయవాదిని ఎలా ఎంచుకోవాలి?

కృష్ణాతీరం (విజయవాడ)

అందరికీ నమస్కారం. మాది ఆటోనగర్‌లో అట్టపెట్టెలు తయారుచేసే చిన్న యూనిట్. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. 22 మంది పనివాళ్లున్నారు. మా సరుకులో సగానికి పైగా హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆహార పదార్థాల కంపెనీకే వెళ్తుంది. వాళ్ల దగ్గర్నుంచి మాకు 38 లక్షల రూపాయలు రావాలి. అందులో పాత బిల్లులకు 14 నెలలు నిండాయి.

పోయిన వారం వాళ్లు కొత్త సరఫరా ఒప్పందం పంపారు. 42 పేజీలు, అంతా ఇంగ్లీషే. "సంతకం చేసి పంపండి, పాత బకాయి విడుదల చేయిస్తాను" అని కొనుగోళ్ల మేనేజరు ఫోనులో చెప్పారు. కాగితం మీద ఆ మాట ఎక్కడా లేదు.

నాన్నగారికి 30 ఏళ్లుగా తెలిసిన ప్లీడరు గారు ఒకరున్నారు. మా స్థలం దావా ఆయనే గెలిపించారు, ఇంట్లో అందరికీ ఆయనంటే గౌరవం. కాగితాలు తిరగేసి, "పెద్ద కంపెనీలన్నీ ఇలాగే రాస్తాయమ్మా, సంతకం పెట్టేయండి" అన్నారు. హైదరాబాద్‌లో కంపెనీల వ్యవహారాలు చూసే ఒక న్యాయవాదిని అడిగితే, చదివి సవరణలు రాసివ్వడానికి 60 వేలు అడిగారు. ఇంకొకరు ముందుగా పైసా వద్దు, వసూలైన దాంట్లో పది శాతం ఇవ్వండి చాలన్నారు.

60 వేలు న్యాయమైన ఫీజేనా? పది శాతం పద్ధతి మంచిదా? వెళ్లే ముందు మేము ఏమేమి సిద్ధం చేసుకోవాలి? సంతకానికి 10 రోజుల గడువిచ్చారు. పనివాళ్ల జీతాలు, క్రాఫ్ట్ పేపరు మిల్లుకు కట్టాల్సిన డబ్బు, రెండూ నెత్తిమీద ఉన్నాయి.

బాలానగర్ లేత్ (హైదరాబాద్)

అమ్మా, అనుభవంతో చెబుతున్నాను. న్యాయవాదుల చుట్టూ తిరగకండి. యంత్రాలకు సంబంధించిన 9 లక్షల బకాయి మీద ఆరేళ్లుగా కోర్టులో ఉన్నాం. వాయిదాకు మా న్యాయవాది రారు, జూనియర్‌ను పంపుతారు. ఆ అబ్బాయికి మా కేసు ఏమిటో తెలియదు. ఫోను చేస్తే ఎత్తరు. ఫీజు మాత్రం వాయిదా వాయిదాకూ కట్టాం. వేరొకరిని పెట్టుకుందామంటే, బాకీ ఉన్న ఫీజు కడితే గానీ ఫైలు ఇవ్వనంటున్నారు.

ఇద్దరికీ తెలిసిన పెద్దమనిషిని ఒకరిని పట్టుకుని మాట్లాడుకోండి. కంపెనీతో గొడవ పెట్టుకుంటే ఉన్న ఆర్డర్లూ పోతాయి.

న్యాయపథం (విజయవాడ, న్యాయవాది)

కృష్ణాతీరం గారూ, ముందుగా ఒక మాట. నేను ఇక్కడ కేసులు తీసుకోవడానికి రాయడం లేదు. న్యాయవాది తనను తాను ప్రచారం చేసుకోవడానికి బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. చట్టం ఏమంటుందో చెప్పగలను, అంతే.

పది శాతం మాట పక్కన పెట్టండి. వ్యాజ్యం ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వసూలైన సొమ్ములో వాటా తీసుకోవడం మన దేశంలో న్యాయవాదికి నిషిద్ధం. ముందు డబ్బు అడగలేదు కదా అని సంతోషించాల్సిన విషయం కాదిది. మొదటిరోజే నియమాన్ని దాటిన మనిషి రేపు మీ నియమాలనూ దాటతారు.

ఇక మీ ప్లీడరు గారి సంగతి. స్థలం దావాలో ఆయన ఎంత గట్టివారైనా సరఫరా ఒప్పందం చదవడం వేరే పని. దావాలో జరిగిపోయినదాన్ని రుజువు చేస్తాం. ఒప్పందంలో రేపు ఏ గొడవ రావచ్చో, వచ్చినప్పుడు ఎవరి చేతిలో ఏమి ఉంటుందో ఊహించి రాస్తాం. ఆయన మీద గౌరవం తగ్గించుకోనక్కర్లేదు, ఈ పనికి మాత్రం ఈ పని చేసేవారి దగ్గరికి వెళ్లండి.

ఇప్పుడు నాకు కొన్ని వివరాలు కావాలి. మీకు ఉద్యమ్ నమోదు (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే గుర్తింపు) ఉందా, ఏ తేదీది? మీరు తయారీదారులే కదా, కొని అమ్మేవాళ్లు కాదు కదా? సరుకు నాణ్యత మీద ఆ కంపెనీ ఎప్పుడైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిందా? బకాయి ఉన్నట్లు వాళ్లు ఒప్పుకున్న కాగితం గానీ ఈమెయిలు గానీ ఉందా? అన్నిటికంటే ముఖ్యం: ఆ 42 పేజీల్లో ఇంతకుముందు జరిగిన లావాదేవీల గురించి ఏమైనా రాశారా? సాధారణంగా చివరి పేజీల్లో, ఎవరూ చదవని చోట ఉంటుంది. వెతకండి.

పద్దులపుస్తకం (రాజమహేంద్రవరం, ఆడిటరు)

నేను ఇదే రాయబోతున్నాను. ఉద్యమ్ నమోదు ఉండి మీరు సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయితే మీ చేతిలో మీరనుకున్నదానికంటే ఎక్కువ బలం ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం 15వ సెక్షన్ ప్రకారం కొనుగోలుదారు ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా సరుకు అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు మించకూడదు. అసలు రాత ఒప్పందమే లేకపోతే 15 రోజులే. దాటితే 16వ సెక్షన్ కింద, రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు చొప్పున నెలనెలా చక్రవడ్డీ. ఒప్పందంలో "వడ్డీ ఉండదు" అని రాసినా ఆ రాత చెల్లదు.

పన్ను వైపునుంచి ఇంకొకటి ఉంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్)గా అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం, చిన్న సంస్థకు గడువులోగా కట్టని బిల్లును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు, కట్టిన ఏడాదే చూపుకోవాలి. అందుకే మార్చి నెల దగ్గరపడితే పెద్ద కంపెనీల లెక్కల విభాగం మీలాంటివాళ్లకు తనంత తానే ఫోను చేస్తుంది. కొనుగోళ్ల మేనేజరుకు ఈ సంగతి పట్టకపోవచ్చు, వాళ్ల ఫైనాన్స్ విభాగానికి బాగా పడుతుంది. మీ ఉద్యమ్ సంఖ్య ప్రతి బిల్లు మీదా అచ్చయి ఉందా?

కృష్ణాతీరం

న్యాయపథం గారూ, పద్దులపుస్తకం గారూ, చాలా కృతజ్ఞతలు. ఉద్యమ్ నమోదు 2021లో చేయించాం. బిల్లుల మీద సంఖ్య ఉంది. మేము తయారీదారులమే.

రాత్రి నేనూ తమ్ముడూ కూర్చుని 42 పేజీలూ చదివాం. 31వ పేజీలో, "ఇతర అంశాలు" అనే శీర్షిక కింద దొరికింది. దాని సారాంశం ఇది: "ఈ ఒప్పందం ఉభయపక్షాల మధ్య పూర్తి అవగాహనను తెలుపుతుంది. ఇంతకుముందు జరిగిన అన్ని లావాదేవీలు, వాటిపై ఉన్న క్లెయిములు పరిష్కారమైనట్లు సరఫరాదారు అంగీకరిస్తున్నాడు."

ఇంకా కొన్ని ఉన్నాయి. చెల్లింపు 120 రోజులకు. సరుకు వల్ల తమకు నష్టం కలిగిందని కంపెనీ భావిస్తే మా బిల్లుల్లోంచి మినహాయించుకోవచ్చు. మా నష్టపరిహార బాధ్యతకు పరిమితి లేదు. వివాదం వస్తే కంపెనీ ఎండీ నియమించే ఒకే మధ్యవర్తి (ఆర్బిట్రేటర్), హైదరాబాద్‌లో.

నాణ్యత గురించి అడిగారు. నిరుడు వర్షాకాలంలో వెళ్లిన మూడు లోడ్ల పెట్టెలు తేమకు మెత్తబడ్డాయని కంపెనీ ఒక ఈమెయిలు పంపింది. సరుకు చేరిన దాదాపు రెండు నెలలకు వచ్చింది. తమ్ముడు బదులిస్తూ, "ఈసారికి 6 లక్షలు తగ్గించుకుంటాం, మిగతాది వెంటనే వేయండి" అని రాశాడు. వాళ్లు మిగతాదీ వేయలేదు. ఆ ఈమెయిలు సంగతి మా ప్లీడరు గారికి గానీ హైదరాబాద్ న్యాయవాదికి గానీ చెప్పాల్సిన అవసరం ఉందా? చెబితే మా కేసు బలహీనపడుతుందేమోనని తమ్ముడి భయం.

న్యాయపథం

చెప్పాల్సిన మొట్టమొదటి విషయం అదే. ఆ ఈమెయిలు అవతలివాళ్ల దగ్గర ఉంది. వాళ్ల న్యాయవాది దాన్ని మొదటి జవాబులోనే జతచేస్తారు. మీ న్యాయవాది దాన్ని అక్కడ మొదటిసారి చూస్తే, అంతవరకు రాసిన నోటీసంతా నీరుగారిపోతుంది.

భయమెందుకు? మీరు న్యాయవాదికి వృత్తిపరంగా చెప్పిన మాటను మీ అనుమతి లేకుండా ఆయన బయటపెట్టకూడదు. పాత సాక్ష్య చట్టంలో 126వ సెక్షన్, 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్ ఆ రక్షణ ఇస్తున్నాయి. నేరం చేయడానికి సలహా అడిగితే రక్షణ ఉండదు, మీది అలాంటిది కాదు.

ఇప్పుడు ఆ ఈమెయిలును నాలాంటివాడు ఎలా చూస్తాడో చెబుతాను. ఎంఎస్ఎంఈ చట్టంలో "అంగీకరించిన రోజు" అనే మాటకు ఒక అర్థం ఉంది. సరుకు అందిన 15 రోజుల్లోగా కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే అందిన రోజునే అంగీకరించినట్లు లెక్క. మీకు ఫిర్యాదు వచ్చింది రెండు నెలలకు. కాబట్టి డెలివరీ చలానాల మీద వాళ్ల గేటు ముద్ర, తేదీ ఉన్న కాపీలు మీకు ప్రాణం. వెతికి పెట్టుకోండి.

రెండోది, మీ తమ్ముడు 6 లక్షలు వదులుకున్నది "మిగతాది వెంటనే వేయండి" అన్న షరతు మీద. వాళ్లు ఆ షరతు నెరవేర్చలేదు. కాబట్టి ఆ రాయితీ నిలవదని వాదించవచ్చు. నాణ్యత లోపం ఒప్పుకున్నారని వాళ్లూ వాదిస్తారు. ఎవరి మాట నెగ్గుతుందో ముందే చెప్పలేం. అందుకే 38 లక్షలను ఒక ముద్దగా కాకుండా, వివాదం లేని 32, వివాదం ఉన్న 6 అని విడదీసి మాట్లాడటం మంచిది.

31వ పేజీలోని వాక్యం ఉన్నంతవరకు సంతకం పెట్టకండి. మేనేజరు ఫోనులో ఇచ్చిన మాటకు, ఆ వాక్యానికి పోటీ వస్తే కోర్టు ముందు కాగితం ఉంటుంది, ఫోను ఉండదు. 120 రోజుల గడువు మీ విషయంలో 45 రోజులకు మించి చెల్లదు. ఎండీ నియమించే ఒకే మధ్యవర్తి పద్ధతి చెల్లదని 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ఒక్క పక్షమూ ఒంటరిగా మధ్యవర్తిని నియమించుకోకూడదని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం కూడా తేల్చింది.

బాలానగర్ లేత్

చెల్లదు, చెల్లదు అంటున్నారు సరే. చెల్లదని తేలడానికి ఎన్నేళ్లు పడుతుంది? ఆ మధ్యలో జీతాలు ఎవరిస్తారు? చిన్నవాడి కష్టం న్యాయవాదులకు అర్థం కాదన్నదే నా బాధ.

న్యాయపథం

మీ బాధలో న్యాయముంది, కాదనను. అందుకే నేను చెబుతున్నది కోర్టు గురించి కాదు, సంతకానికి ముందు దశ గురించి. ఈ దశలో 31వ పేజీ వాక్యం తీయించడానికి ఒక ఉత్తరం చాలు. సంతకమయ్యాక అదే వాక్యం మీద ఏళ్ల తరబడి కొట్లాడాలి. కక్షిదారులు మా దగ్గరికి వచ్చేసరికి ఎనభై పాళ్లు పని సంతకంతోనే ముగిసిపోయి ఉంటుంది. మిగిలిన ఇరవై పాళ్ల కోసం వాయిదాలు.

ఇక మీ ఫైలు గురించి. న్యాయవాదికి ఫీజు బాకీ ఉన్నా కక్షిదారు ఫైలును ఆపుకునే హక్కు లేదు. 2000 సంవత్సరంలో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఫీజు కోసం ఆయన వేరుగా దావా వేసుకోవచ్చు, కాగితాలు తాకట్టు పెట్టుకోకూడదు. స్పీడ్ పోస్టులో ఒక లేఖ రాయండి, ఆ తీర్పు పేరు పెట్టండి. అప్పటికీ ఇవ్వకపోతే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కొత్త న్యాయవాదిని పెట్టుకోవడానికి పాతవారు సమ్మతి ఇవ్వకపోతే కోర్టు అనుమతి కోరండి, ఇస్తుంది.

బాలానగర్ లేత్

ఈ సంగతి నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వినియోగదారుల ఫోరంలో వేద్దామనుకున్నాను.

న్యాయపథం

అక్కడ కుదరదు. న్యాయవాదుల సేవలు వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. బార్ కౌన్సిలే సరైన చోటు.

మిర్చియార్డు (గుంటూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. కృష్ణాతీరం గారూ, మీది భాగస్వామ్య సంస్థ అనుకుంటున్నాను. రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదై ఉందా? పాన్ కార్డు, జీఎస్టీ ఉన్నంత మాత్రాన ఫర్మ్ నమోదైనట్లు కాదు.

మా యార్డులో మా బంధువులకు జరిగింది చెబుతాను. అన్నదమ్ముల్లాంటి ముగ్గురు కలిసి మిర్చి ఎగుమతి చేసేవారు. భాగస్వామ్య దస్తావేజు స్టాంపు కాగితం మీద ఉంది, ఫర్మ్ నమోదు కాలేదు. ఒక కొనుగోలుదారు 50 లక్షలకు పైగా ఎగ్గొట్టాడు. దావా వేస్తే అవతలి న్యాయవాది సరుకు గురించి, డబ్బు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 69వ సెక్షన్ చూపించారు. నమోదు కాని ఫర్మ్ ఒప్పందం మీద బయటివారిపై దావా వేయలేదు. కేసు అక్కడే ఆగింది. అంత పెద్ద వ్యాపారం చేసినవాళ్లు ఆ చిన్న దరఖాస్తు ఎందుకు వేయలేదంటే, దస్తావేజు రాసిన మనిషి న్యాయవాది కాదు, కాగితాలు టైపు చేసే దుకాణం ఆయన. పాత నమూనాలో పేర్లు మార్చి ఇచ్చారు.

ఇప్పటికీ గుంటూరులో సగం దస్తావేజులు అలాగే తయారవుతున్నాయి. నాకు దీని మీద చాలా ఆవేదన ఉంది, అందుకే రాశాను.

కృష్ణాతీరం

మాది నమోదైన ఫర్మే. ధ్రువపత్రం నాన్నగారి బీరువాలో దొరికింది. అడిగినందుకు కృతజ్ఞతలండి. నాన్నగారి పేరుతోనే ఉంది, మా ఇద్దరి చేరికా నమోదు చేయించామో లేదో చూడాలి.

పద్దులపుస్తకం

ఈ వారమే చూసుకోండి. దావా వేసే నాటికి భాగస్వాములుగా ఉన్నవారి పేర్లు రిజిస్టరులో ఉండాలి.

కంపెనీ లీగల్ (హైదరాబాద్)

నేను అవతలి పక్షం మనిషిని. అంటే ఈ కంపెనీ కాదు, ఇలాంటి ఇంకొక పెద్ద కంపెనీలో న్యాయ విభాగంలో పనిచేస్తున్నాను. మా వైపు ఎలా ఉంటుందో చెబితే ఉపయోగపడుతుందనిపించింది.

ఆ 42 పేజీలు మిమ్మల్ని ఉద్దేశించి రాసినవి కావు. వెయ్యి మంది సరఫరాదారులకు ఒకే నమూనా వెళ్తుంది. అది రాసేటప్పుడు మా మనసులో ఉండేది కోట్ల రూపాయల యంత్రాలు సరఫరా చేసే పెద్ద సంస్థ. అట్టపెట్టెల యూనిట్‌కు పరిమితి లేని నష్టపరిహారం ఎందుకని ఎవరైనా అడిగితే మా దగ్గర జవాబు ఉండదు. ఎవరూ అడగరు, అదీ విషయం. ఏ సవరణలూ లేకుండా సంతకమై వచ్చిన ఒప్పందాన్ని ఎవరూ తిరిగి చదవరు. సవరణలతో, ఒక న్యాయవాది రాసిన చిన్న కవరింగ్ లెటరుతో వెనక్కి వస్తే అది కొనుగోళ్ల బల్ల మీద నుంచి మా బల్ల మీదికి వస్తుంది. అక్కడ మాట్లాడుకోవచ్చు.

అయితే సవరణలు ఎలా పంపాలన్నది ముఖ్యం. కొంతమంది న్యాయవాదులు ప్రతి పేజీలోనూ ఎర్ర గీతలు గీసి పంపుతారు. నలభై సవరణలు చూడగానే మేనేజరు వేరే సరఫరాదారును వెతుక్కుంటాడు. మీకు ప్రాణప్రదమైనవి నాలుగు: పాత బకాయి, చెల్లింపు గడువు, మినహాయింపు, నష్టపరిహార పరిమితి. వాటి మీద గట్టిగా నిలబడండి. మధ్యవర్తిత్వం హైదరాబాద్‌లోనా విజయవాడలోనా అన్నది వదిలేసినా పెద్దగా నష్టపోరు. చిన్న సంస్థకు తానున్న చోట చిన్న సంస్థల బకాయి వివాదాలు చూసే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లే హక్కు ఎలాగూ ఉంది. ఒప్పందంలో మధ్యవర్తిత్వ నిబంధన ఉన్నా ఆ హక్కుకు అడ్డు రాదని 2022 అక్టోబరు 31న మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి 60 వేలు ఇచ్చే ముందు ఆ న్యాయవాదిని ఒక్కటే అడగండి: "వీటిలో మీరు దేన్ని వదిలేస్తారు?" వ్యాపారం తెలిసినవారైతే వెంటనే చెబుతారు.

మరొక జాగ్రత్త. మాలాంటి కంపెనీ ఉద్యోగులు స్నేహంగా మాట్లాడినా మేము మీ న్యాయవాదులం కాము. మా విధేయత జీతమిచ్చే కంపెనీకే. అంతేకాదు, జీతానికి పనిచేసే లీగల్ ఉద్యోగికి 132వ సెక్షన్ రక్షణ వర్తించదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. మాతో ఫోనులో మీ బలహీనతలు చెప్పుకోకండి.

బాలానగర్ లేత్

అవతలి పక్షంలో ఉండి ఇంత నిజాయతీగా రాసినందుకు మీకు నమస్కారం.

మిర్చియార్డు

60 వేల సంగతి ఎవరూ తేల్చలేదు. నా దృష్టిలో 38 లక్షల బకాయి, సగం వ్యాపారం ఆ కంపెనీ మీదే నడుస్తున్నప్పుడు అది ఎక్కువ కాదు. కానీ ఏమేమి పనులకు అని అడగాలి. చదవడం మాత్రమేనా, సవరణలు రాయడమా, కంపెనీ వాళ్లతో ఫోనులో మాట్లాడటం కూడానా? రెండోసారి మార్పులు వస్తే మళ్లీ కట్టాలా?

న్యాయపథం

బాగా చెప్పారు. ఫీజు అంకె కంటే ఫీజు లేఖ ముఖ్యం. అందులో ఏ పని, ఎవరు చేస్తారు, ఎన్ని రోజుల్లో, ఏ పని ఇందులోకి రాదు, ఖర్చులు వేరా కలిపా అన్నవి ఉండాలి. లేఖ ఇవ్వడానికి ఇష్టపడని న్యాయవాదులు మా వృత్తిలో చాలామంది ఉన్నారు. నోటిమాట మీద వెళ్తే రేపు ఇద్దరికీ మనస్పర్థలే. పనిచేసేది సీనియరా జూనియరా అని నిర్మొహమాటంగా అడగండి. జూనియర్ చేస్తే తప్పేమీ లేదు, ఫీజు ఆ మేరకు ఉండాలి, సీనియర్ చూసి సంతకం పెట్టాలి.

వెళ్లేటప్పుడు కాగితాల సంచి కుమ్మరించకండి. తేదీల వారీగా ఒక పేజీ రాసుకెళ్లండి. ఏ తేదీన ఏ పర్చేజ్ ఆర్డరు, ఏ బిల్లు, సరుకు ఎప్పుడు చేరింది, ఎంత వచ్చింది, ఎంత రావాలి. దానికి లెడ్జరు, చలానాలు, ఈమెయిళ్లు జతచేయండి. న్యాయవాది మొదటి గంటంతా మీ కాగితాలు సర్దడానికి పోతే ఆ గంటకూ మీరే కడతారు.

ఒక గడువు కూడా గుర్తుపెట్టుకోండి. బాకీకి మామూలుగా మూడేళ్ల కాలపరిమితి. ఆ లోపల అవతలివారు సంతకంతో బాకీ ఒప్పుకుంటే మూడేళ్లు మళ్లీ మొదటినుంచి లెక్క. మీకు ఇంకా సమయముంది. అయినా మార్చి 31 నాటికి ఎంత బాకీ ఉందో తెలిపే నిల్వ ధ్రువీకరణ లేఖ ఒకటి కంపెనీని అడిగి పుచ్చుకోండి. రేపు అన్నీ బెడిసికొట్టి కమర్షియల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తే, అత్యవసర ఉత్తర్వులు అవసరమైతే తప్ప, దావాకు ముందు రాజీ ప్రయత్నం (మీడియేషన్) తప్పనిసరి. ఆ సంగతీ మీ న్యాయవాదితో ముందే మాట్లాడండి.

కృష్ణాతీరం

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఎలా జరిగిందో చెప్పడం నా బాధ్యత అనిపించింది.

విజయవాడలోనే కంపెనీల ఒప్పందాలు చూసే ఒక న్యాయవాదిని పట్టుకున్నాం. 45 వేలు, ఒకటిన్నర పేజీ ఫీజు లేఖ. రెండు విడతల సవరణలు, కంపెనీతో ఒక సమావేశం అందులోనే. తమ్ముడి ఈమెయిలు మొదట ఆవిడ బల్ల మీద పెట్టాం. ఆవిడ అది చదివి, తర్వాత మా చలానాలు అడిగారు. మూడు లోడ్లలో రెండింటి మీద గేటు ముద్ర, తేదీ స్పష్టంగా ఉన్నాయి. మూడోదానిమీద ముద్ర ఉంది, తేదీ చెరిగిపోయింది. "ఈ రెండింటికి గట్టిగా నిలబడదాం, మూడోదానికి మాట్లాడుకుందాం" అన్నారు. "ఏది వదిలేస్తారు?" అని అడిగితే, కంపెనీ లీగల్ గారు చెప్పినట్లే మధ్యవర్తిత్వం జరిగే చోటు గురించి పట్టుబట్టనన్నారు.

పది రోజుల గడువు పొడిగించమని ముందు ఒక ఈమెయిలు పంపారు. కంపెనీ ఒప్పుకుంది. తర్వాత నాలుగు సవరణలతో రెండు పేజీల లేఖ వెళ్లింది. అందులో 15, 16 సెక్షన్ల ప్రస్తావన ఒకే ఒక్క పేరాలో, బెదిరింపు లేకుండా ఉంది. ఫైనాన్స్ విభాగానికి కూడా కాపీ పెట్టారు. నాలుగో రోజున మేనేజరు ఫోను చేసి, "లాయరు దాకా ఎందుకమ్మా" అన్నారు. నేను మర్యాదగానే, "మీకు న్యాయ విభాగం ఉంది కదండీ, మాకూ ఒకరు ఉండాలి" అన్నాను. ఆ తర్వాత సమావేశం సవ్యంగానే జరిగింది.

31వ పేజీ వాక్యం తీసేశారు. చెల్లింపు 45 రోజులకు వచ్చింది. మా బాధ్యతకు ఆరు నెలల బిల్లుల మొత్తం పరిమితి పెట్టారు. మినహాయింపు నిబంధన పూర్తిగా తీయలేదు, 15 రోజుల్లోగా రాతపూర్వకంగా చెప్పి ఉమ్మడి తనిఖీ జరిగితేనే అన్న షరతు చేరింది. మధ్యవర్తిని ఇద్దరం కలిసి నియమించుకోవాలి, హైదరాబాద్‌లోనే. పాత బకాయికి వేరే లేఖ: వివాదం లేని 32 లక్షలు మూడు వాయిదాల్లో. మొదటి 12 లక్షలు నిన్న ఖాతాలో పడ్డాయి. మిగిలిన 6 లక్షల్లో 4 లక్షలు ఇస్తారు, తేదీ లేని లోడుకు 2 లక్షలు మేము తగ్గించుకుంటాం. వడ్డీ మాత్రం వదులుకున్నాం. తమ్ముడికి అది ఇష్టం లేదు. ఆర్డర్లు నిలబడటం నాకు ముఖ్యమనిపించింది. వాయిదా తప్పితే వడ్డీ హక్కు తిరిగి వస్తుందని లేఖలో రాయించారు ఆవిడ. ఆ వాక్యం నాకైతే తట్టేది కాదు.

మా పాత ప్లీడరు గారికి ఇదంతా వెళ్లి చెప్పాం. సవరణల లేఖ అడిగి తీసుకుని చదివి, బాగా రాశారని మెచ్చుకున్నారు.

బాలానగర్ లేత్

చాలా సంతోషం అమ్మా. నా ఫైలు కూడా వచ్చింది. లేఖ అందిన వారానికి కబురు చేశారు. కొత్త న్యాయవాది చూస్తున్నారు. కేసు ఎప్పుడు తేలుతుందో తెలియదు గానీ, ప్రతి వాయిదా తర్వాత ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాసి పంపాలని మాత్రం ముందే మాట్లాడుకున్నాను.

కంపెనీ లీగల్

"వాయిదా తప్పితే వడ్డీ హక్కు తిరిగి వస్తుంది" అన్న వాక్యం ఎలా రాశారో వీలైతే ఇక్కడ పెడతారా? ఇతరులకు పనికొస్తుంది.

కృష్ణాతీరం

మా న్యాయవాదిని అడిగే పెడుతున్నాను. తెలుగులో దాదాపు ఇలా వస్తుంది: "పైన తెలిపిన ఏ వాయిదానైనా నిర్ణీత తేదీ తర్వాత ఏడు రోజుల్లోగా చెల్లించని పక్షంలో, మిగిలిన మొత్తం ఒకేసారి చెల్లించవలసి ఉంటుంది, వడ్డీని వదులుకోవడానికి సరఫరాదారు ఇచ్చిన అంగీకారం రద్దవుతుంది, బిల్లుల అసలు గడువు తేదీ నుంచి చట్టప్రకారం వడ్డీ వర్తిస్తుంది."

పద్దులపుస్తకం

చక్కగా ఉంది. కృష్ణాతీరం గారూ, ఆ 2 లక్షల తగ్గింపుకు క్రెడిట్ నోట్ ఇచ్చేటప్పుడు తేదీ చూసుకోండి. అసలు బిల్లు ఏ ఆర్థిక సంవత్సరానిదో, అది ముగిశాక వచ్చే నవంబరు 30లోగా జీఎస్టీ రిటర్నులో చూపితేనే దాని మీద కట్టిన పన్ను మీకు తగ్గుతుంది. నిరుటి వర్షాకాలం బిల్లు అంటున్నారు కాబట్టి గడువు ఎంతో దూరంలో ఉండదు. రేపే మీ ఆడిటరుకు ఆ బిల్లు తేదీ పంపండి.

కృష్ణాతీరం

బిల్లు తేదీ ఆగస్టు 19. ఇప్పుడే పంపుతున్నానండి.